నలభై రోజుల జాడీ

నెలనెలా వైన్ గురించి రాసే మనిషినని తెలియగానే అందరూ నన్ను అడిగే ప్రశ్న ఒకటుంది. "ఇదంతా మీకెలా అబ్బిందండీ?" ఎదుటి మనిషిని బట్టి నేనొక జవాబు చెబుతాను. పెద్ద ఊరివాళ్లయితే బెంగళూరులో శిక్షణ అంటాను. చదువుకున్నవాళ్లయితే సూక్ష్మజీవుల శాస్త్రం అంటాను. కాస్త వెటకారంగా అడిగితే, నెల్లూరు తీరంలో రొయ్యల గుంటల బురద వాసన చూసీ చూసీ ముక్కు పదునెక్కిందంటాను. మూడూ అబద్ధాలు కావు. మూడూ కలిపినా అసలు సంగతి బయటపడదు.

అసలు సంగతి మా మేనత్త వంటింటి మూల, నాలుగు మడతల గోనెపట్టా మీద కూర్చుని ఉండేది. అదొక పింగాణీ జాడీ. కింద తెలుపు, పైన గోధుమరంగు. ఏ ఇంట్లోనైనా ఆవకాయ పెట్టుకునే జాడీయే, కాకపోతే అందులో మా అత్త ఏనాడూ ఆవకాయ పెట్టలేదు.

అత్త మా నాన్నకు అక్క. ముత్తుకూరుకు అవతల మా ఊళ్లో, చర్చికి ఎదురుసందులో ఆమె ఇల్లు. మిషన్ ఆసుపత్రిలో నర్సుగా పనిచేసింది. పెళ్లయిన ఆరేళ్లకే మామయ్య సారా తాగీ తాగీ చనిపోయాడు. పిల్లలు లేరు. ఆసుపత్రి అలవాటు వల్ల మోచేతుల దాకా సబ్బు రాసి కడుక్కునేది. ఆ చేతుల్ని చూసే కాబోలు, చర్చిలో ప్రతి నెలా మొదటి ఆదివారం ప్రభువు బల్ల దగ్గర అందరికీ ఇచ్చే ద్రాక్షారసం తయారుచేసే పనిని పెద్దలు ఆమెకు అప్పగించారు. నేను పుట్టకముందు నుంచీ అది ఆమె పనే.

ఈస్టరుకు ముందు నలభై రోజులు మాకు శ్రమకాలం. అది మొదలయ్యే రోజున అత్త నెల్లూరు బస్సెక్కి వెళ్లి నల్లటి పన్నీరు ద్రాక్ష తెచ్చేది. వాటిని నీళ్లలో కడిగేది కాదు. ఒక్కొక్క పండునూ తెల్లటి గుడ్డతో తుడిచి, జాడీలో వేసి, చేత్తో చిదిమి, చక్కెర, గుప్పెడు గోధుమలు, రెండు లవంగాలు వేసి, మూతికి గుడ్డ కట్టేది. ఆ రోజు నుంచి ప్రతి ఉదయం ప్రార్థన చేసుకుని గుడ్డ విప్పి, కొయ్య తెడ్డుతో కలిపి, మళ్లీ కట్టేది. నలభయ్యో రోజున వడకట్టి సీసాల్లో పోసేది. ఆ సీసాలే మళ్లీ ఏడాది దాకా సరిపోవాలి.

ఒక్క నియమం మాత్రం ఉండేది. ఎవరూ రుచి చూడకూడదు. బల్ల మీద పెట్టి ప్రార్థన చేసేదాకా అది దేవుడిది, ముందే నాలుక తగిలితే ఎంగిలైపోతుంది. తెడ్డుకు అంటిన చుక్కను కూడా అత్త నీళ్లతో కడిగేసేదే కానీ వేలితో తీసి నాకేది కాదు. మరి బాగా కుదిరిందో లేదో ఎలా తెలుస్తుంది? వాసన చూసి. అందుకే ఆమె జాడీ మీదికి వంగి, కళ్లు మూసుకుని, చాలాసేపు అలాగే ఉండేది. ఆ తర్వాత నన్ను ముందుకు లాగేది.

"ఏం వాసనొస్తా ఉండాది, చెప్పు?"

"ద్రాక్షపండు."

"అది గుడ్డోళ్లు కూడా చెప్తారు. ఇంకా?"

ఈ పరీక్ష నాకు బడిలో పరీక్షల కంటే ఇష్టంగా ఉండేది. మొదటి రోజు పండు వాసన. మూడో రోజుకు గుడ్డ ఉబ్బేది, చెవి ఆనిస్తే లోపల సన్నగా బుసబుసమనేది, వాసన అచ్చంగా కల్లుముంత. పదో రోజున పులిసిన కుడితి. ఇరవయ్యో రోజున వానకు తడిసిన గోనెసంచి. ముప్పయ్యో రోజుకు ఎండిన నేరేడు, వెనకాల ఎక్కడో లవంగం. నలభయ్యో రోజున నేను, "ఆదివారం పొద్దున్నే చర్చి తలుపు తీసినప్పుడు వస్తుందే, ఆ బెంచీల వాసన," అన్నాను ఒకసారి. అత్త నన్ను దగ్గరికి లాక్కుని నెత్తి మీద ముద్దు పెట్టింది. "అదీ! కుదిరింది పో," అంది. ఇప్పటికి ఎన్ని వైన్లకు మార్కులు వేశానో కానీ, నాకు వచ్చిన మార్కుల్లో అంతకు మించినవి లేవు.

మా అత్త గురించి ఇంకొక్క మాట చెప్పకపోతే జరిగింది ఎంత పెద్దదో మీకు తెలియదు. నాకు ఏడేళ్లప్పుడు మా జిల్లాలో ఊరూరా ఆడవాళ్లు సారా మీద తిరగబడ్డారు. మా ఊళ్లో ముందు నిలబడ్డది మా అత్తే. సారా ప్యాకెట్లు తెచ్చిన జీపుకు అడ్డంగా రోడ్డు మీద కూర్చుంది. నేను ఆమె కొంగు పట్టుకుని పక్కనే ఉన్నాను. డ్రైవరు హారన్ మోగిస్తూనే ఉన్నాడు. ఆమె చేతిలో చీపురు, ఒంటి మీద ఆసుపత్రి తెల్లచీర. "ఎక్కించుకుని పోరా, చూస్తా," అంది. జీపు వెనక్కి తిరిగింది. ఆ రోజు నుంచి తాగివచ్చిన మగవాడెవడూ మా సందులో తలెత్తుకుని నడిచిన పాపాన పోలేదు.

నేను పెద్దయి మైక్రోబయాలజీ చదివి, ముత్తుకూరు దారిలో ఉన్న ఒక ఆక్వా లాబ్‌లో చేరాను. రైతులు సీసాల్లో నీళ్లు, ప్లాస్టిక్ సంచుల్లో బతికున్న రొయ్యలు తెస్తారు. ఉప్పుశాతం ఎంత, అమ్మోనియా ఎంత, చెడ్డ బాక్టీరియా ఉందా, మేత తగ్గించాలా అని చెప్పడం నా పని. తెల్లకోటు వేసుకున్న కొత్తలో నా కళ్లు నెత్తి మీద ఉండేవి. కొలవగలిగిందే నిజం, మిగిలిందంతా కబుర్లు అని ఇంట్లోవాళ్లకు రోజూ పాఠాలు చెప్పేదాన్ని. ముక్కు మీద కోపం అప్పుడూ ఉంది, ఇప్పుడూ ఉంది.

ఆ ఏడాది ఈస్టరుకు అత్తకు ఒక కానుక ఇవ్వాలనుకున్నాను. ఆమె చేతి ద్రాక్షారసాన్ని మా లాబ్‌లో పరీక్షించి, ఎంత శుభ్రమైనదో కాగితం మీద అచ్చువేసి, పటం కట్టించి ఇద్దామని. ఒక సీసా అడిగి తీసుకెళ్లాను. ప్రేమతోనే చేశాను. ఈ మాట నేను నాకే చాలాసార్లు చెప్పుకున్నాను.

బాక్టీరియా పరీక్ష పెట్టాను, ఒక్కటీ మొలవలేదు. పులుపు చూశాను, చక్కగా ఉంది. అన్ని గడులూ నింపాలన్న పిచ్చితో ఆల్కహాలు కూడా చూశాను. అది సున్నా వస్తుందనుకుంటూనే చూశాను. రాలేదు. మళ్లీ చేశాను. మూడోసారి కొత్త గాజుసామాను తీసి చేశాను. అంకె మారలేదు. అది బీరు కంటే చాలా ఘాటైనది. నెలకు ఒక్క గుక్కే కాబట్టి ఇన్నేళ్లూ ఎవరికీ తలకెక్కలేదు. పాఠాల్లో చదువుకున్నదంతా అప్పుడు గుర్తొచ్చింది. కడగని ద్రాక్ష తొక్కల మీద ఈస్ట్ ఉంటుంది. చక్కెర వేసి, మూతి కట్టి, నలభై రోజులు ఉంచితే ఏమవుతుందో మొదటి ఏడాది విద్యార్థి కూడా చెబుతాడు. జాడీ పక్కనే పెరిగి, కల్లువాసన అని నా నోటితోనే చెప్పి, ఒక్క రోజు కూడా నేను ఆ రెండూ కలిపి ఆలోచించలేదు.

అప్పుడు నేరుగా అత్త దగ్గరికి వెళ్లి ఉండాల్సింది. వెళ్లలేదు. మా సంఘంలో తాగుడు మానతామని ప్రమాణం చేస్తేనే సభ్యత్వం. ఇది పెద్ద సంగతి, బాధ్యత ఉన్నవాళ్లకే చెప్పాలి అనుకున్నాను. నిజం చెప్పాలంటే, ఆ కాగితం పట్టుకుని పాస్టరుగారి ముందు నిలబడాలన్న గొప్ప కూడా నాలో ఉంది. లాబ్ ముద్ర వేసి, సంతకం పెట్టి, ఆయన చేతిలో పెట్టాను.

ఆయన నిజాయితీపరుడు. దాచడం తప్పనుకున్నారు. ఆ ఆదివారం ఆరాధన అయ్యాక ఎవరినీ కదలొద్దని చెప్పి, కాగితం విప్పి, సంఘమంతటి ముందు చదివారు. చదువుతున్నంతసేపూ నేను అత్త వైపు చూడలేకపోయాను. వచ్చే నెల నుంచి అంగడి సీసాలో రసమే వాడదామన్నారు. వెనక నుంచి ఒక పెద్దాయన లేచాడు. "ఇన్నేళ్లు తెలీకుండా ఎట్టా చేసినావమ్మా?" అని అడిగాడు. అత్త జవాబు చెప్పలేదు. ఆ మౌనాన్ని జనం ఎవరికి తోచినట్టు వాళ్లు అర్థం చేసుకున్నారు. తెలిసే చేసిందన్నారు కొందరు. చాటుగా ఆమె కూడా పుచ్చుకునేదేమో అన్నారు ఇంకొందరు. జీపుకు అడ్డం కూర్చున్న మనిషిని!

సాయంత్రం నేను వెళ్లేసరికి ఆమె జాడీని కడిగి పెరట్లో బోర్లించింది. నన్ను తిడుతుందనుకున్నాను. తిట్టి ఉంటే బాగుండేది. "అన్నం తిన్నావా?" అంది.

మరుసటి నెల మొదటి ఆదివారం అందరూ లేచి బల్ల దగ్గరికి వెళ్లి మోకరించారు. అత్త లేవలేదు. చివరి వరసలో తల వంచుకుని కూర్చుంది. ఆ పై నెలా అంతే. తెలియకుండా ఇంతమందికి తాపిన దాన్ని, నేను ఏ మొహంతో ఆ గ్లాసు పట్టుకోవాలి అని అమ్మతో అన్నదట. అలా పదిహేనేళ్లు ఆమె బల్ల దగ్గరికి రాలేదు. ఒక్క ఆదివారం కూడా చర్చి మానని మనిషి, ప్రతి నెలా ఆ పది నిమిషాలు చివరి వరసలో ఒక్కతే ఉండిపోయేది. ముందు వరసలో మోకరించిన నా వీపుకు అది తెలుస్తూనే ఉండేది.

వైన్ నా జీవితంలోకి వచ్చింది ఆ తర్వాత నాలుగేళ్లకు. లాబ్‌వాళ్లు నన్ను బెంగళూరుకు పంపారు. గుంటల్లో వేసే మేలుచేసే బాక్టీరియాను పెంచడానికని, పులియబెట్టే పదార్థాల మీద రెండు వారాల శిక్షణ. చివరి రోజు మధ్యాహ్నం ఒక పెద్దావిడ వచ్చి, మా అందరి ముందు గాజు గ్లాసులు పెట్టి, ఎర్రవైన్ తలా ఇంత పోసి, వాసన చూసి తోచింది చెప్పమన్నారు. పక్కవాళ్లు స్ట్రాబెర్రీ అన్నారు, చెర్రీ అన్నారు. వాళ్లలో సగం మంది చెర్రీని కేకు మీద తప్ప చూసి ఉండరు. నా వంతు వచ్చింది. గ్లాసు మీదికి వంగి కళ్లు మూసుకున్నాను.

"ఎండిన నేరేడు. తడిసి ఆరిన గోనెసంచి. వెనకాల లవంగం. ఇంకా..." అని ఆగిపోయాను. ఆ వాసన ఏమిటో నాకు తెలుసు. చర్చి బెంచీలు.

ఆవిడ నా దగ్గరికి వచ్చి, "ఎక్కడ నేర్చుకున్నారు?" అని అడిగారు. జవాబుకు బదులు ఒక గుక్క నోట్లో పోసుకున్నాను. మా బల్ల దగ్గర చిన్నప్పటి నుంచీ బొట్టు బొట్టుగా తాగిన రుచికి ఇది దగ్గరి చుట్టం. కాకపోతే మా అత్తదే బాగుంటుంది. అవునండీ, నిష్పక్షపాతంగానే చెబుతున్నాను. ఆ రోజు వాష్‌బేసిన్ దగ్గర నిలబడి ఏడ్చాను. నేను ముద్ర వేసి ఇచ్చిన కాగితంలో ఉన్నదంతా నిజమే. కానీ ఆ సీసాలో ఉన్నదాంట్లో ఆ కాగితానికి చిక్కింది ఎంత?

తిరిగి వచ్చాక నేను ఊరుకోలేకపోయాను. నెల్లూరులో మందు దుకాణం ముందు ఆడమనిషి నిలబడితే వరసలో మగాళ్లంతా పక్కకు జరిగి దారి ఇచ్చేవారు, గౌరవంతో కాదు, ఖంగు తిని. దుకాణం అతను సీసాను పేపర్లో చుడుతూ, "ఇంట్లో బాలింతకు మందుగానా మేడమ్?" అని జాలిగా అడిగాడు. నాకే తాగడానికి అని చెప్పాను. అతను నోరెళ్లబెట్టి చిల్లర ఇవ్వడం మరిచిపోయాడు. మా ఎండలకు సీసా ఇంట్లో ఉంచితే వారంలో చచ్చిపోతుంది. అందుకని లాబ్‌లో పాత ఇంక్యుబేటరు ఒకదాన్ని చల్లగా అమర్చి, దానిలో దాచేదాన్ని. తలుపు మీద "ముట్టుకోవద్దు, ప్రమాదకరం" అని రాసి అంటించాను. రెండేళ్లు ఎవరూ ముట్టుకోలేదు.

రుచి చూసి ఉమ్మేయడం కూడా నేర్చుకున్నాను. మింగితే నాలుగో గ్లాసుకు నాలుక మొద్దుబారుతుంది. ఒకనాడు పని అయిపోయాక బీకరులో తెల్లవైన్ పోసుకుని, పుక్కిలించి, ఉమ్మి, పుస్తకంలో రాసుకుంటుంటే విడవలూరు నుంచి వచ్చిన రైతు ఒకాయన గుమ్మంలో నిలబడి చూశాడు. వారం తిరక్కుండా ఆ చుట్టుపక్కల గుంటలన్నిటికీ పాకింది, ఈ మేడమ్ గుంట నీళ్లు నోట్లో పోసుకుని చూసి మరీ రిపోర్టు ఇస్తుందని. అప్పటి నుంచి మా లాబ్‌కు రైతులు రెట్టింపయ్యారు. "మిషన్లు అబద్ధం చెప్తాయి, మేడమ్ నోరు చెప్పదు," అన్నాడు ఒకాయన నా మొహం మీదే. నేను ఇప్పటికీ దాన్ని ఖండించలేదు.

ఆ నోటుపుస్తకంలో రాతలు చూసి ఒక స్నేహితురాలు పత్రికకు పంపమంది. పంపితే సంపాదకురాలు నెలకొకటి రాయమన్నారు. మొదట్లో ఇంగ్లీషు పుస్తకాల్లో పళ్ల పేర్లు ఎత్తి రాశాను. నాకే అసహ్యమేసింది. తర్వాత అత్త అడిగినట్టు నన్ను నేను అడిగాను, ఇంకా, ఇంకా అని. అప్పుడు వాక్కాయ వచ్చింది, చింతచిగురు వచ్చింది, మొగలిపువ్వు వచ్చింది. నీళ్లకు గాలి పట్టించే ఏరియేటర్ ఆపిన తర్వాత గుంట గట్టు మీద ఆరే ఉప్పు వాసన వచ్చింది. తిట్లూ వచ్చాయి. ఆడదానివి అయ్యుండి అని మొదలుపెట్టే ఉత్తరాలు ఒక అట్టపెట్టెకు సరిపడా ఉన్నాయి. వాటిలో అక్షరదోషాలు దిద్ది దాచుకున్నాను. మా సంఘంలో కూడా తెలిసింది. ఎవరూ ఏమీ అనలేదు కానీ, ఆదివారాల్లో నా పక్కన బెంచీ ఖాళీగా ఉండడం మొదలైంది. అత్త ఎదుట మాత్రం ఈ సంగతి నేను ఎన్నడూ ఎత్తలేదు. బీపీ మాత్రలు, దోమలు, కరెంటు, ఇవే మా మాటలు.

పోయిన ఏడాది సంపాదకురాలు ఫోను చేసి, "మీరు తాగిన మొదటి వైన్ గురించి రాయండి," అన్నారు. కూర్చుంటే ఒక్క పూటలో రాసేశాను. జాడీ, గుడ్డ, నలభై రోజులు, నా రిపోర్టు, అంతా. చదువుకుంటే బాగుంది. బాగుండడమే నాకు భయమేసింది. ఈమెను ఒకసారి అడక్కుండా బయటపెట్టాను, రెండోసారి కూడా అడక్కుండా పెడతానా? కాగితాలు తీసుకుని ఊరికి వెళ్లాను.

మధ్యాహ్నం. అత్త వసారాలో కూర్చుని చింతపండు ఈనెలు తీస్తోంది. డెబ్బై దాటింది, చేతులు మాత్రం ఇంకా సబ్బు వాసనే. నేను నేల మీద కూర్చుని మొదటి నుంచి చివరి దాకా చదివాను. ఆమె చింతపండు తీయడం ఆపలేదు.

"అత్తా, నేను ముందు నీకు చెప్పి ఉండాల్సింది. తప్పు చేశాను. నువ్వు చేసింది ఎంత మంచి వైనో ఇప్పుడు నాకు తెలుసు. దేశంలో ఎన్నో చూశాను, అలాంటిది..."

"ఆపుమే." చెయ్యి ఎత్తింది. "మంచి వైను అయితే ఏం, చెడ్డ వైను అయితే ఏం? సారాతో మీ మామ పోయినాడు. ఇంకో రకం మందు నేను బో బాగా చేసినానని నాకు చెప్తా ఉండావా?"

నాకు తలకొట్టేసినట్టయింది. పదేళ్లుగా ఆమె కోసం కూడబెట్టుకున్న మెచ్చుకోలు అది. ఆమెకు అది అక్కర్లేదు.

"మూడో రోజు కల్లువాసన వచ్చేది గదా," అంది తనే మళ్లీ. "నాకు తెలీదనుకున్నావా ఆ వాసన? మీ మామ కల్లూ తాగేవాడు, ఆరేళ్లు ఆ వాసన పక్కనే పడుకున్నా. అయితే పదో రోజుకు పొయ్యేది. నలభై రోజులు ప్రార్థన చేస్తే అందులో ఉండే మత్తు పోతా ఉండాదని అనుకున్నా. వాసన పోతే మందు కూడా పోయినట్టేనని అనుకున్నా. నా ముక్కును నమ్మినా."

వాసన వెళ్లేది ఈస్ట్ అడుగుకు దిగిపోవడం వల్ల. మత్తు అక్కడే ఉంటుంది. అది నాకు తెలుసు, ఆమెకు ఎవరు చెప్పారు? చెప్పగలిగిన చదువున్నది ఇంట్లో నేను ఒక్కదాన్నే.

"అట్టాంటప్పుడు ఆ రోజు చర్చిలో ఈ మాట చెప్పి ఉండొచ్చు కదత్తా?"

"ఎవురు నమ్ముతారు? నీ దగ్గర కాగితముండాది. నా దగ్గర ఏముండాది?" చింతపండు పళ్లెం పక్కన పెట్టి మొదటిసారి నా మొహంలోకి చూసింది. "ఆ కాగితంలో నేను తెలిసి చేసినానని రాసినావా, తెలీక చేసినానని రాసినావా?"

"అది రాసే గడి లేదత్తా అందులో."

"అయితే గడి గీయి. నీ పత్రికలో రాస్తే మనూళ్లో ఎవురు చదువుతారు? ఆ కాగితం యాడ చదివినారో ఆడ చదువు. అప్పుడు పాస్టరయ్యగారితో చదివించినావు. ఈసారి నువ్వు చదువు."

నేను వెంటనే సరే అనలేకపోయాను. ఈ సంగతి కూడా చెప్పాలి. వైన్ గురించి రాసే ఆడది చర్చిలో నిలబడి ద్రాక్షారసం గురించి మాట్లాడితే ఏమవుతుందో నాకు తెలుసు. ఖాళీ బెంచీకి అలవాటు పడ్డాను కానీ, తలుపే మూసేస్తే? అత్త నా మొహం చూస్తూనే ఉంది. పదిహేనేళ్లు ఈమె ఒక్కతే చివరి వరసలో కూర్చుంది, నాకు ఒక్క పూట భయమా అని నా మీద నాకే ఒళ్లు మండింది. "చదువుతాను," అన్నాను.

లాబ్‌లో పాత ఫైలు వెతికి తీశాను. అంకెలు ఒక్కటీ మార్చకుండా మళ్లీ టైపు చేసి, అడుగున ఒక గడి గీశాను. కొత్త పాస్టరుగారు కుర్రవాడు. సంగతి విని చాలాసేపు ఆలోచించి, బల్లకు ముందే చదవమన్నారు.

మొదటి ఆదివారం. ముందుకు వెళ్లి నిలబడ్డాను. రోజూ రైతులకు రిపోర్టు చదివి వినిపించే గొంతుతోనే మొదలుపెట్టాను. పాత కాగితంలో ఉన్నదంతా చదివాను. తర్వాత కొత్త గడి చదివాను. "ఈ రసంలో మత్తు ఉందని తయారుచేసినామెకు తెలియదు. బల్ల మీద ప్రార్థన జరిగేదాకా ఆమె ఏనాడూ దీన్ని రుచి చూడలేదు. తెలియాల్సింది పరీక్ష చేసిన నాకు. ఆమె పక్కనే పెరిగి కూడా నేను ముందు ఆమెకు చెప్పలేదు. ఈ తప్పు పరీక్ష చేసినామెది." కింద నా సంతకం ఉందని కూడా చెప్పాను.

ఆనాడు ప్రశ్న అడిగిన పెద్దాయన ఇప్పుడు కర్ర ఊతంతో రెండో వరసలో ఉన్నాడు. ఆయన మెల్లగా లేచాడు. నన్ను ఏమైనా అంటాడనుకున్నాను. వెనక్కి తిరిగి, "రామ్మా," అన్నాడు, చివరి వరస వైపు చూస్తూ.

అత్త లేచింది. బెంచీలు పట్టుకుంటూ నడిచి వచ్చింది. నేను బల్ల ముందు మోకరించి, నా పక్కన మోకరించడానికి ఆమె కష్టపడితే చెయ్యి అందించాను. పాస్టరుగారు ఆమె చేతిలో అంగడి రసం పోసిన చిన్న గ్లాసు పెట్టారు. పదిహేనేళ్ల తర్వాత పట్టుకున్న గ్లాసు. నోటి దగ్గరికి తీసుకెళ్లబోయి ఆగింది. కళ్లు మూసుకుని గ్లాసు మీదికి వంగింది. ఆమె ఎంతసేపు వంగితే అంతసేపూ పాస్టరుగారు ఓపిగ్గా నిలబడ్డారు. తర్వాత భక్తితో తాగి, ఖాళీ గ్లాసు ఇచ్చి, చేతులు జోడించింది. చెంపల మీద నీళ్లు కారుతున్నాయి.

లేవబోతూ నా చెవి దగ్గరికి వంగింది.

"ఒట్టి చక్కెర పాకమే ఇది," అంది. "దీంట్లో ద్రాక్ష యాడుండాది?"